బంగారముపై రంగు: మన ప్రాంత చిత్రకారుల అనుభవ చరిత్ర

ఖాజాగూడ అనగానే నేటివారికి అద్దాల మేడలు, కంప్యూటరు కంపెనీలు, ఎడతెగని మోటారు వాహనముల వరుసలు జ్ఞాపకమునకు వచ్చును. 1998లో మాదాపురములో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ చుట్టుప్రక్కల గ్రామముల రూపురేఖలే మారిపోయినవి. అయితే ఖాజాగూడ గుట్టలకు ఆగ్నేయముగా కొద్ది మైళ్ళ దూరములోనే గోలకొండ కోటయు, కుతుబ్ షాహీ సుల్తానుల సమాధుల గుమ్మటములును ఉన్నవి. ఆ దారిలోనే షేక్‌పేటలో ఆనాటి బాటసారుల సరాయి నేటికిని నిలిచియున్నది. ఉత్తర దిక్కుగా పోయిన యెడల 1992లో ఏర్పడిన శిల్పారామము వచ్చును. అక్కడ నల్లని పలకపై బంగారు వన్నె పక్షులు, లతలు మెరయుచుండు నిర్మల బొమ్మలను చూచి ముచ్చటపడని వారుండరు.

ఒకవైపు గోలకొండ గ్రంథములలోని బంగారు పుటలు, మరియొకవైపు నిర్మల పలకలు. ఈ రెంటికిని నడుమ నాలుగు వందల సంవత్సరముల కాలమున్నను, వాటిని చేసిన చేతులు ఎదుర్కొన్న చిక్కు ఒక్కటే. మెరుగు పెట్టిన బంగారముపై రంగు నిలుచుటెట్లు? ఏ రంగు ఎన్నుకొనవలెను? దానిని ఎట్లు సిద్ధపరచవలెను? ఈ చిన్న వ్యాసములో ఆ ప్రశ్నకు మన పూర్వులు కనుగొనిన జవాబులను పాఠకుల యెదుట ఉంచుచున్నాను. ఇది కేవలము చిత్రకారులకు సంబంధించిన సంగతి కాదు. శతవార్షికములు, జూబిలీలు వచ్చినప్పుడెల్ల మన మందిరములకు రంగులు వేయింతుము గదా! అప్పుడు పాత గిల్టు పనికి ఏమి జరుగుచున్నదో తెలిసికొనుటకు ఈ చరిత్ర మనకు అవసరము.

బంగారము రంగును ఎందుకు పట్టదు?

గోడయైనను, కొయ్యయైనను, గుడ్డయైనను, కాగితమైనను రంగును కొంత త్రాగును. వాటి సందులలోనికి రంగు దిగి, ఎండిన తరువాత వేళ్ళూనినట్లు నిలుచును. బంగారము అట్లు చేయదు. దానికి సందులు లేవు, దాహము లేదు. నీటి రంగును దానిపై పెట్టిన యెడల తామరాకు మీద నీటిబొట్టువలె ముద్దయై తొలగిపోవును. చేతి జిడ్డు ఏ కొంచెము అంటినను ఈ తిరస్కారము మరింత హెచ్చును.

రెండవ సంగతి రేకు పలుచదనము. సుత్తితో కొట్టి సాగదీసిన బంగారు రేకు మందము సుమారు మిల్లీమీటరులో పదివేలవ వంతు మాత్రమే. పదివేల రేకులు ఒకదానిపై ఒకటి పేర్చినగాని ఒక్క మిల్లీమీటరు కాదు. మన హైదరాబాదులో చార్మినారు ప్రాంతపు సందులలో వరఖు కొట్టువారి సుత్తుల చప్పుడు ఎన్నో ఏండ్లు వినబడెడిది. వారు తోలు పుటల నడుమ వెండిని ఉంచి కొట్టి పలుచన చేయుట చూచినవారికి ఈ పని ఎంత సున్నితమైనదో తెలియును. ఊపిరి తగిలిన ఎగిరిపోవు రేకునకు సొంత బలము ఉండదు. దాని బలమంతయు దాని క్రింది పడకలో ఉన్నది.

ఆ పడక ముఖ్యముగా రెండు విధములు. మొదటిది నీటి పడక. సుద్ద, వజ్రము (వడ్రంగులు వాడు జంతువుల జిగురు), ఎర్రని మెత్తని మన్ను కలిపి పూతలుగా పూసి, నీటితో తడిపి రేకును పరచుదురు. ఎండిన తరువాత అకీకు రాతితో రుద్దగా అది అద్దమువలె మెరయును. రెండవది నూనె పడక. కాచిన అవిసె నూనెను పూసి, అది ఇంకను కొంచెము అంటుకొనుచుండగానే రేకును వేయుదురు. ఇది రాతి మెరుగునకు లొంగదు గాని తేమకు తట్టుకొనును. బయటి బోర్డుల అక్షరములకు ఇదియే తగినది.

ఇప్పుడు చిక్కు అర్థమగును. నీటి పడకపై నీటి రంగు ఎక్కువ తడిగా వేసిన యెడల, రేకులోని సన్నని రంధ్రముల గుండ నీరు దిగి క్రింది జిగురును కరగించును. నూనె పడక సరిగా ఎండక ముందే టర్పెంటైనుతో కూడిన రంగు వేసిన యెడల పడక మెత్తబడి రేకు ముడుచుకొనును. అన్నిటికంటె అపాయము ఏదనగా, దట్టమైన గట్టి రంగు ఎండి బిగిసినప్పుడు అది క్రింది రేకును లాగివేయును. కొన్ని నెలలకు రంగు పెచ్చుగా లేచినప్పుడు బంగారము దానితోనే ఊడివచ్చును. కనుకనే పనితనమెరిగిన వారు పాటించిన మూలసూత్రము ఇది: పైన వేయు రంగు, క్రింది పడక కంటె మెత్తనిదిగాను, బలములో తక్కువదిగాను ఉండవలెను. రాలవలసి వచ్చిన రంగే రాలవలెను గాని బంగారము రాలకూడదు.

గోలకొండ చిత్రకారులు

1518లో సుల్తాన్ కులీతో మొదలై 1687లో ఔరంగజేబు సైన్యము కోటను పట్టుకొను వరకు గోలకొండ కుతుబ్ షాహీల రాజ్యము సాగినది. 1591లో హైదరాబాదు నగరమునకు పునాది వేసిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా స్వయముగా దక్కనీ ఉర్దూ కవి. ఆయన కవితల సంపుటి ప్రతి, బంగారు అలంకరణతో కూడినది, మన సాలార్‌జంగ్ మ్యూజియములో ఉన్నది. 1951లో దివాన్ దేవిడీలో మొదలైన ఆ మ్యూజియము 1968లో మూసీ ఒడ్డునగల నేటి భవనమునకు మారినది.

దక్కను చిత్రములలో బంగారము వాడకము మెండు. ఆకాశమే బంగారము, నేలయే బంగారము, వస్త్రముల అంచులు బంగారము. అయితే వారు కాగితముపై ఎక్కువగా వాడినది రేకు కాదు, బంగారు పొడి. రేకులను బంకతోగాని తేనెతోగాని కలిపి చాలసేపు నూరి, నీటిలో కడిగి, అడుగున దిగిన మెత్తని పొడిని మరల బంకతో కలిపి కుంచెతో వేసెడివారు. ఎండిన పిదప అకీకు రాతితో నునుపు చేసెడివారు.

ఈ పద్ధతిలో ఒక గొప్ప సదుపాయమున్నది. పొడి బంగారము, రేకువలె మూతపడిన అద్దము కాదు. దాని రేణువుల నడుమ బంక ఉండును, ముఖమునకు సన్నని గరుకు ఉండును. కనుక బంకతో కలిపిన రంగు దానిపై కొంత పట్టు దొరకించుకొనును. బంగారు నేలపై ఎర్రని పూవులు, నల్లని గీతలు ఉడుత తోక వెంట్రుకల కుంచెతో వేయగలిగిన రహస్యము ఇదియే. మెరుగు ఎక్కువ పెట్టవలసిన చోట రంగు వేయక, రంగు వేయవలసిన చోట మెరుగు తగ్గించి, పని ముందే పంచుకొనెడివారు. రంగు వేసిన తరువాత మరల రాతితో రుద్దిన యెడల ఆ రంగు నలిగిపోవును గదా! కనుక క్రమము తప్పరాదు. ముందు మెరుగు, తరువాత రంగు.

నిర్మల నకాషీలు

గోలకొండ పతనమైనను ఈ విద్య తెలుగునేలను విడిచిపోలేదు. గోదావరికి ఉత్తరమున నిర్మలలో నకాషీ కుటుంబములు బొమ్మలు, పలకలు, పెట్టెలు చేయుచు వచ్చినవి. నిర్మలను పాలించిన నిమ్మనాయుడు ఈ కళాకారులను పోషించెనని స్థానికులు చెప్పుదురు. ఒకప్పుడు ఆదిలాబాదు జిల్లాలో ఉండిన ఈ పట్టణము 2016 నుండి తన పేరిటనే జిల్లా కేంద్రమైనది. నిజాము నవాబు నిర్మలకు వచ్చినప్పుడు కళాకారులు అరటిపువ్వు ఆకారమును పైన వ్రేలాడదీసి, అది విచ్చుకొని ఆయనపై బంగారు రేకులు రాలునట్లు చేసిరని ఒక కథ ప్రచారములో ఉన్నది. సర్ అక్బర్ హైదరీగారి సతీమణి లేడీ హైదరీ వీరిని హైదరాబాదుకు రప్పించి ప్రోత్సహించినట్లు కూడ చెప్పుదురు. 1955లో నిర్మలలో కళాకారుల సహకార సంఘము ఏర్పడినది.

నిర్మల బొమ్మలకు తేలికైన పొణికి కొయ్య వాడుదురు. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, తెల్లని సుద్ద పూత వేసి నునుపు చేయుదురు. ఆ పైన రంగు. ఇక బంగారు వన్నె సంగతి. నిర్మల బంగారము గనిలోని బంగారము కాదు. చెట్ల పసరులతోను, జిగురులతోను, నూనెలతోను తయారైన పసుపు వన్నె పూతతో ఆ కాంతిని తెప్పించుట వారి కుటుంబముల విద్య. ప్రపంచములో అనేక దేశములలో తగరపు రేకుపైనగాని వెండి రేకుపైనగాని పసుపు వార్నీషు పూసి బంగారముగా చూపు అలవాటు ఉన్నది. బీదవాని బంగారమన్న మాట. దీనిలో తప్పేమియు లేదు. అయితే దానిపై రంగు వేయువాడు ఒక సంగతి మరువరాదు. అక్కడ రంగు తగులుచున్నది లోహమునకు కాదు, వార్నీషునకు. స్పిరిటుతో కరగు వార్నీషుపై స్పిరిటు కలిపిన రంగు వేసిన యెడల బంగారు వన్నెయే కరిగిపోయి క్రింది బూడిద రంగు బయటపడును.

ఇరువదవ శతాబ్దపు మధ్యకాలము నుండి నిర్మల పలకలపై డ్యూకో రంగుల వాడకము వచ్చినది. మోటారు కార్లకు వేయు ఆ రంగులు త్వరగా ఆరును, గట్టిగా మెరయును. పలకల అమ్మకమునకు అవి మేలు చేసినవి. అయితే క్రొత్త పలకకు మేలైనది పాత గిల్టుకు మేలు కాదు. ఈ తేడాను ముందు ముందు చూతుము.

తంజావూరు రాజులు

తెలుగువారి చేతి బంగారు పనిలో అన్నిటికంటె ప్రసిద్ధమైనది మన సరిహద్దులకు వెలుపల, తమిళ దేశములో ఉన్నది. తంజావూరును 1673 వరకు తెలుగు నాయకరాజులు ఏలిరి. వారి తరువాత మరాఠా రాజులు వచ్చిరి. ముఖ్యముగా రెండవ శరభోజి కాలములో, అనగా 1798 నుండి 1832 వరకు, తంజావూరు చిత్రకళ మిక్కిలి వర్ధిల్లినది. ఈ చిత్రములను వేసినవారిలో రాజులు అనబడు తెలుగు మాటలాడు చిత్రకార కుటుంబములు ముఖ్యులు. మధురలో నాయుడులు కూడ ఈ పని చేసిరి.

వారి పద్ధతి ఇది. పనస కొయ్య పలకపై గుడ్డను అంటించి, సుద్దపొడిని జిగురుతో కలిపి పూతలు వేసి, రాతితో నునుపు చేయుదురు. నగలు, స్తంభములు, సింహాసనము, తోరణము ఉబ్బెత్తుగా రావలసిన చోట సుద్దపొడి ముద్దను కుంచెతో ఎత్తుగా పెట్టుదురు. రాళ్ళు పొదిగి, ఆ పైన బంగారు రేకును అంటించుదురు. ఆ తరువాత శరీరములకు, వస్త్రములకు, వెనుకటి తెరకు రంగులు వేయుదురు. చివరకు బంగారముపై సన్నని ముదురు గీతలతో నగల ఆకారమును తేల్చుదురు.

ఇక్కడ గమనింపవలసినది ఆ గీతల పొదుపు. బంగారముపై వారు విశాలముగా రంగు పరచలేదు. రంగుకు ప్రత్యేకముగా తెల్లని సుద్ద నేలను విడిచిపెట్టి, బంగారముపై గీతలు మాత్రమే వేసిరి. సన్నని గీత ఎండినను లాగు బలము తక్కువ. అది చెరిగినను మరల వేయవచ్చును. మైసూరు చిత్రకారులు మరింత పలుచని రేకును, తక్కువ ఎత్తుగల పనిని ఎన్నుకొనిరి. ఉబ్బెత్తు ముద్దలో వారు సఫేదాతోపాటు రేవల్చిన్ని పాలు అను పసుపుపచ్చని బంకను వాడిరి. ఆ పసుపు నేల మూలమున రేకులో ఎక్కడైన చిరుగు పడినను తెల్లగా కనబడదు. ఇటువంటి చిన్న జాగ్రత్తలలోనే పెద్ద అనుభవమున్నది.

పడమటి దేశముల నుండి గోవా వరకు

ఇటలీలో సుమారు 1400 ప్రాంతమున చెన్నినో చెన్నినీ అను చిత్రకారుడు తన వృత్తి రహస్యములను ఒక గ్రంథముగా వ్రాసెను. బంగారు జరీ వస్త్రమును చిత్రించుటకు ఆయన చెప్పిన ఉపాయము మిక్కిలి అందమైనది. ముందుగా వస్త్రమంతయు బంగారు రేకు పరచి మెరుగు పెట్టవలెను. దానిపై కోడిగ్రుడ్డు పచ్చసొనతో కలిపిన రంగును పూర్తిగా కప్పవలెను. అది ఆరిన పిమ్మట పుల్లతో నగిషీ ప్రకారము గీచిన యెడల, రంగు లేచి క్రింది బంగారము లతలుగా, పూవులుగా బయటపడును. ఇదే పనిని స్పెయిను, పోర్చుగల్ దేశములలో కొయ్య విగ్రహముల వస్త్రములకు చేసిరి. దానిని వారు ఎస్తొఫాదో అందురు. పోర్చుగీసువారితో ఈ విద్య గోవాకు వచ్చినది. 1605లో ప్రతిష్ఠింపబడిన బొం జీసస్ దేవాలయములో బలిపీఠము వెనుకనున్న బంగారు కొయ్యపని నేటికిని చూడవచ్చును.

కోడిగ్రుడ్డు పచ్చసొననే ఎందుకు ఎన్నుకొనిరి? పచ్చసొనలో నీరును, నూనెయు రెండును కలిసియున్నవి. నీరుండుటచే కుంచెకు సులువుగా లొంగును. నూనె ఉండుటచే బంగారముపై ముద్దకట్టక పరచుకొనును. కొన్ని గంటలలోనే గీచుటకు అనుకూలముగా ఆరును. అయినను పలుచని పూతగా వేసిన పచ్చసొన రంగు, రేకును లాగునంత బిగువును చూపదు. తంజావూరు గీతయు, చెన్నినీ పూతయు ఎంత దూరపు దేశములవైనను సూత్రము ఒక్కటే.

రంగుల ఎంపిక

బంగారముపై వేయు రంగులు రెండు జాతులు. క్రిందిదానిని కప్పునవి కొన్ని. క్రింది మెరుపును తమగుండ చూపునవి కొన్ని. ఏది కావలెనో ముందే నిర్ణయించుకొనవలెను.

ఇంగిలీకము బరువైన రంగు, ఒక్క పూతతోనే బంగారమును కప్పును. జేగురు చవుక, నమ్మకమైనది, ఎండకు వెలవదు. సిందూరము కప్పును గాని గాలిలో నలుపుదిరుగు గుణమున్నది. తెలుపునకు పూర్వము సీసపు సఫేదా వాడిరి. అది విషము. నేడు దాని బదులు 1920 ప్రాంతమునుండి అంగడికి వచ్చిన టైటానియం తెలుపు ఉన్నది. మసి నలుపు మిక్కిలి తేలికయై నీటిపై తేలును. ముందుగా రెండు చుక్కలు స్పిరిటుతో తడిపి పిదప బంకతో నూరవలెను.

లత్తుక ఎరుపు మెరుపును చూపు జాతిలోనిది. మన అడవుల లక్క పురుగు ఇచ్చు ఈ ఎరుపును బంగారముపై పలుచగా వేసిన యెడల కెంపువలె వెలుగును. జంగాలు, అనగా రాగి తుప్పు పచ్చ, జిగురులో కలిపిన యెడల మరకతమువలె ఉండును గాని కాలక్రమమున గోధుమ వన్నెకు తిరుగును. నీలిమందు సంగతి విచిత్రము. పలుచగా వేసిన నీలి క్రింది పసుపుతో కలిసి ఆకుపచ్చగా కనబడును. కనుక నీలము కావలెనన్న ముందుగా ఆ చోట తెలుపు వేసి, ఆరిన తరువాత నీలము వేయవలెను.

హరిదళమును పూర్వులు బంగారమునకు బదులుగాను, తోడుగాను వాడిరి. నిజమైన బంగారమును అది చెరుపలేదు. అయితే అందులోని గంధకము వెండిని, రాగిని నల్లబరచును. పైగా అది పాషాణముతో కూడినది. కనుక నేడు దాని జోలికి పోకుండుటయే మంచిది. ఈ చోట ఒక మాట చెప్పవలెను. బంగారము రంగులకు మంచి పొరుగు. అది తుప్పుపట్టదు, తన పైనున్న రంగును మార్చదు. ఇత్తడి రేకును, ఇత్తడి పొడి రంగును అట్లు కాదు. వాటిలోని రాగి, నూనెలోని పులుపుతో కలిసి కొంతకాలమునకు పచ్చబడును, నల్లబడును. బజారులో గోల్డ్ పెయింటు అని చిన్న డబ్బాలలో అమ్ముచు వచ్చినది చాలవరకు ఇట్టి ఇత్తడి పొడియే.

రంగును కలుపు పదార్థము కూడ అంతే ముఖ్యము. తుమ్మబంక పెళుసు, దానికి తేనె చుక్క కలుపవలెను. పచ్చసొన అన్నిటికంటె అనుకూలము. పాలవిరుగుడు జిగురు మిక్కిలి గట్టిది, బంగారమును లాగును. చిత్రకారుల నూనె రంగు పలుచగా వేసి వారముల తరబడి ఆరనిచ్చిన మంచిదే. గోడలకు వేయు ఎనామిలు, ప్లాస్టిక్ ఎమల్షను మాత్రము పాత గిల్టుకు తగవు. వేయుట సులభము, తీయుట అసాధ్యము.

సిద్ధపరచు విధము

మొదట అది నిజమైన బంగారమా కాదా తెలిసికొనవలెను. అరిగిన అంచులను భూతద్దముతో చూడవలెను. ఎర్రని మన్ను కనబడిన యెడల నీటి పడకపై బంగారమని తలంపవచ్చును. బూడిద వన్నె కనబడిన యెడల తగరముపైనగాని వెండిపైనగాని వార్నీషు. పచ్చని, నల్లని మచ్చలున్న యెడల ఇత్తడి. యాసిడు పరీక్షలు వస్తువుపై చేయరాదు.

తరువాత దుమ్మును మెత్తని కుంచెతో మాత్రమే తీయవలెను. మన ఇండ్లలో ఇత్తడి సామానులకు చింతపండు రుద్దు అలవాటుచే గిల్టును కూడ అట్లే తోముదురు. అది మహా ప్రమాదము. తడిగుడ్డయు పనికిరాదు, లోహములు తోము ద్రవములును పనికిరావు. రేకు ఎక్కడైన లేచియున్న యెడల పని అక్కడికి ఆపి, తెలిసినవారికి చూపవలెను.

జిడ్డు పోవుటకు మెత్తని సుద్దపొడిని పలుచని గుడ్డ మూటలో కట్టి మెల్లగా అద్ది, మెత్తని కుంచెతో దులుపవలెను. రంగు వేయవలసిన చోట పట్టు కొరకు పడమటి దేశపు పనివారు వెల్లుల్లి రసమును పలుచగా రాయుటయు కలదు. నీటి పడకపై నీటి రంగు వేయవలసినప్పుడు, నడుమ అడ్డుగా స్పిరిటులో బాగుగా పలుచన చేసిన లక్క వార్నీషు ఒక్క పూత వేసిన యెడల క్రింది జిగురు భద్రముగా ఉండును. ఆ లక్కయు తరువాత స్పిరిటుతో మరల తీయదగినదే.

రంగును నేరుగా వస్తువుపై వేయక, అదే విధముగా తయారుచేసిన చిన్న పలకపై ముందు వేసి కొన్ని వారములు చూడవలెను. గోటితో గీచి, వంచి, ఎండలోను నీడలోను ఉంచి పరీక్షింపవలెను. పని మొదలుపెట్టిన తరువాత పలుచని పూతలు రెండు మూడు వేయవలెను గాని దట్టముగా ఒక్కటి వేయరాదు. మన దేశములో వర్షకాలమున కొయ్య ఉబ్బును, వేసవిలో కుంచించుకొనును. కనుక తేమ తగ్గిన చలికాలమే ఈ పనికి తగిన కాలము.

మన ముందున్న ప్రశ్న

ఈ వివరములన్నియు ఎందుకని కొందరు అడుగవచ్చును. నేనెరిగిన ఒక పాత మందిరములో ప్రసంగ వేదిక వెనుక టేకు పలకపై బంగారు అక్షరములుండెడివి. చూచుటకు కొంచెము మాసియున్నవేగాని ఒక్క అక్షరమైనను రాలలేదు. వార్షికోత్సవమునకు పది దినముల ముందు రంగులవారు వచ్చి, పలకకు మెరుగు వార్నీషు, అక్షరములకు డబ్బాలోని గోల్డ్ పెయింటు వేసి వెళ్ళిరి. ఉత్సవము నాడు అందరును మెచ్చుకొనిరి. రెండు వర్షకాలములు గడచునప్పటికి అక్షరములు గోధుమ వన్నెకు తిరిగినవి. వాటిని గీకి మరల వేయబోయినప్పుడు, గీకుడు పొరతోపాటు క్రిందనున్న నిజమైన బంగారము ఊడి నేలపై పడినది. పలకను వ్రాయించిన వారెవరో, ఏ సంవత్సరములో వ్రాయించిరో చెప్పు చిన్న వరుస కూడ దానితోనే పోయినది. ఆ వరుసను చదివి గుర్తుంచుకొనినవారు ఇప్పుడు లేరు. పోయినది తులము బంగారము కాదు. ఒక సంఘము యొక్క జ్ఞాపకము పోయినది.

ఇది ఒక్క మందిరపు కథ కాదు. హైదరాబాదులో 1594 నాటి బాద్‌షాహీ అషూర్‌ఖానా పెంకుల పని మన నగరపు గొప్ప సంపద. 1908 మూసీ వరదలో దెబ్బతినిన భాగములను తరువాత రంగులతో నింపిరి. అసలు పెంకులు నేటికిని వెలుగుచుండగా రంగు వేసిన చోటు వెలవెలబోవుచున్నది. చూచినవారికి అసలేదో, అతుకేదో ఎవరును చెప్పనక్కరలేదు. దీనికి ఎదురుగా మంచి ఉదాహరణము కూడ మన నగరములోనే ఉన్నది. ఫలక్‌నుమా ప్యాలెస్ లోపలి అలంకరణను చాల సంవత్సరములు ఓపికతో బాగుచేసిన పిదపనే 2010లో దానిని హోటలుగా తెరచిరి. తొందర లేని చోట పాత పని దక్కును.

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ కేథడ్రల్ 2024లో నూరేండ్లు నిండించుకొనినది. ఆ కాలమునకు చేరువలో కట్టబడిన మందిరములు, పాఠశాలలు, ఆసుపత్రులు మన జిల్లాలలో ఎన్నో కలవు. వాటిలో పేరుల బోర్డులు, కుర్చీలు, పటముల చట్రములు, విగ్రహములు గిల్టు పనితో ఉన్నవి. నూరేండ్ల ఉత్సవము వచ్చినప్పుడు వాటికి అపాయమును వచ్చును. ఏలయనగా ఉత్సవమునకు ముందే మనకు రంగు డబ్బా జ్ఞాపకమునకు వచ్చును.

కనుక మందిర కమిటీల పెద్దలకు నాలుగు మాటలు మనవి చేయుచున్నాను. మొదటిది, రంగులవానిని పిలుచుటకు ముందు గిల్టు వస్తువులన్నిటికి ఫోటోలు తీయించి, వాటిపైనున్న వ్రాతలను ఒక పుస్తకములో ఎక్కించుడి. రెండవది, మాసినదంతయు పాడైనదని తలంపకుడి. బంగారము మాయదు, దానిపై దుమ్ము మాత్రమే మాయును. చాలమారులు మెత్తని కుంచెయే చాలును. మూడవది, రంగు తప్పనిసరియైన యెడల మరల తీయదగిన రంగునే కోరుడి. ఏ రంగు, ఏ జిగురు, ఏ తేదీన వేసిరో వ్రాసి పలక వెనుక అంటించుడి. మీ తరువాత వచ్చువారికి అదియే గొప్ప సహాయము. నాలుగవది, ఉత్సవపు తేదీకి పది దినముల ముందు కాక, ఒక సంవత్సరము ముందే పని మొదలుపెట్టుడి. అనుమానమున్న చోట మ్యూజియములలో వస్తురక్షణ పని నేర్చినవారిని సంప్రదించుడి.

నిర్మల నకాషీయైనను, తంజావూరు రాజైనను, గోలకొండ గ్రంథములను అలంకరించిన పేరు తెలియని చిత్రకారుడైనను బంగారమును తన రంగుతో జయింపజూడలేదు. దాని గుణమునెరిగి, దానికి ఒదిగిన రంగును తయారుచేసికొనెను. అందుచేతనే వారి రంగును, వారి బంగారమును రెండును నేటికి నిలిచినవి. వారి చేతిపని మన చేతులలోనికి వచ్చినది. మన తరువాతి నూరేండ్లవారు మన మందిరములలోనికి వచ్చి చూచునప్పుడు ఆ పాత అక్షరములు చదువదగినవిగా ఉండునట్లు కాపాడుట మన పని.